మైనస్ 25 నుంచి 55 డిగ్రీలు అని రాసి ఉంటే సరిపోతుందా? మంటల దగ్గర, మంచుగదుల్లో ఆప్టికల్ సెన్సార్ ఎంచుకోవడం ఎలా

మే నెలలో బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి మ్యాప్స్ పెట్టుకున్నవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. కాసేపటికి స్క్రీన్ డిమ్ అయిపోతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, ఇంకాస్త ఎండ తగిలితే ఫోన్ వేడెక్కిందని వార్నింగ్ చూపించి చేతులెత్తేస్తుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిలే చెబుతోంది. మన ఎండాకాలంలో ఆ 35 పొద్దున్నే దాటిపోతుంది. అయినా మనకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. నీడలో పెడితే ఫోన్ కోలుకుంటుంది.

ఫ్యాక్టరీ సెన్సార్‌కు ఆ సౌకర్యం లేదు. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీ పక్కనో, మైనస్ 35 డిగ్రీల ఫ్రీజర్ లోపలో రోజంతా నిలబడాలి. అది ఒక్కసారి తప్పు చెప్పినా లైన్ ఆగుతుంది, సరుకు పాడవుతుంది, ఒక్కోసారి మనిషికే దెబ్బ తగులుతుంది. మనం ఫోన్ స్పెక్స్‌ను ఎంత శ్రద్ధగా పోల్చి చూస్తామో అంతకంటే శ్రద్ధగా ఎంచుకోవాల్సిన గ్యాడ్జెట్ ఇది. డిప్లొమా, ఇంజినీరింగ్ చదువుతూ ఆటోమేషన్ వైపు వెళ్లాలనుకునే రీడర్స్ మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈసారి ఫోన్లు పక్కనపెట్టి దీని గురించి మాట్లాడుకుందాం.

ముందు బేసిక్స్: ఇది మీ ఫోన్‌లోనూ ఉంది

కాల్ మాట్లాడుతూ ఫోన్ చెవి దగ్గర పెట్టగానే స్క్రీన్ ఆరిపోతుంది కదా. అది ప్రాక్సిమిటీ సెన్సార్ పని. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బయటికి పంపి, మీ చెంపకు తగిలి వెనక్కి వచ్చిన కాంతిని ఫోటోడయోడ్‌తో పట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో వాడే ఫోటోఎలక్ట్రిక్ సెన్సార్ సూత్రం కూడా అదే. వస్తువు వచ్చిందా, వెళ్లిందా, ఎన్ని వెళ్లాయి అని చెప్పడమే దాని ఉద్యోగం.

ఇందులో ప్రధానంగా మూడు రకాలు. కాంతి పంపేది ఒకవైపు, అందుకునేది ఎదురుగా ఉంటే త్రూ-బీమ్. రెండూ ఒకే డబ్బాలో ఉండి, ఎదురుగా రిఫ్లెక్టర్ పెడితే రెట్రో-రిఫ్లెక్టివ్. రిఫ్లెక్టర్ కూడా లేకుండా వస్తువు మీద పడి తిరిగొచ్చిన కాంతినే నమ్ముకుంటే డిఫ్యూజ్. ఫోన్‌లో ఉన్నది ఈ మూడో రకం. పెట్టడం సులువు, కానీ తిరిగొచ్చే కాంతి చాలా తక్కువ కాబట్టి మూడింటిలో బలహీనమైనది కూడా ఇదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చలి దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

స్పెక్ షీట్‌లో ఎవరూ చదవని లైన్

ఒక మామూలు ఫోటోఎలక్ట్రిక్ సెన్సార్ డేటాషీట్ తెరవండి. ఆపరేటింగ్ టెంపరేచర్ దగ్గర దాదాపుగా మైనస్ 25 నుంచి 55 డిగ్రీలు అని ఉంటుంది. కింద స్టోరేజ్ టెంపరేచర్ అని ఇంకో పెద్ద రేంజ్ కూడా కనిపిస్తుంది. అది కరెంట్ లేకుండా గోడౌన్‌లో పడి ఉన్నప్పటి లెక్క, పనిచేసేటప్పటిది కాదు. రెండూ కలిపి చదివేసి 70 డిగ్రీల వరకు ఓకే అనుకోవద్దు.

అసలు విషయం ఆ అంకెల పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'మంచు గడ్డకట్టకుండా, తేమ పట్టకుండా ఉంటేనే' అని. నా దృష్టిలో మొత్తం డేటాషీట్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. ఎందుకంటే మైనస్ 25 దగ్గర మంచు పట్టని చోటు నిజజీవితంలో అరుదు. అలాగే 55 డిగ్రీలు అన్నది సెన్సార్ చుట్టూ ఉన్న గాలికి ఇచ్చిన హామీ. ఎదురుగా మండుతున్న ఇనుము నుంచి వచ్చే సెగకు ఆ హామీ వర్తించదు.

అందుకే నేను చెప్పేది ఒకటే: థర్మామీటర్ అంకెను చూసి సెన్సార్ కొనకండి. వేడి చోట సెగను చూడాలి, చల్లటి చోట తేమను చూడాలి.

వేడి లోపల ఏం చేస్తుంది?

ముందు ఎల్ఈడీ. అది వేడెక్కేకొద్దీ కాంతి తగ్గిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీల్లో ఒక్కో డిగ్రీకి సుమారు అర శాతం చొప్పున తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. 25 డిగ్రీల దగ్గర సెట్ చేసిన సెన్సార్ లోపల 65 అయితే, 40 డిగ్రీల తేడాకు దాదాపు 20 శాతం కాంతి పోయినట్టే. ఎరుపు ఎల్ఈడీల్లో ఈ తగ్గుదల ఇంకా ఎక్కువ.

అవతల ఫోటోడయోడ్ కథ రివర్స్. కాంతి లేకపోయినా అందులో కాస్త కరెంట్ ప్రవహిస్తుంది. దాన్ని డార్క్ కరెంట్ అంటారు. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకు అది రెట్టింపవుతుంది. అదే 40 డిగ్రీల తేడాకు 16 రెట్లు. అంటే ఇవతల సిగ్నల్ తగ్గుతోంది, అవతల నాయిస్ పెరుగుతోంది. సెన్సార్లు తమ కాంతిని పల్స్‌ల రూపంలో పంపి, ఆ పల్స్‌లనే వెతుకుతాయి కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. కానీ ఆ తట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంది.

లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటే అది ఇంకో బలహీనత. ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. లేజర్ సెన్సార్లు మరీ సున్నితం. లేజర్ డయోడ్ వెలగడానికి కావాల్సిన కనీస కరెంట్ వేడితో పాటు వేగంగా పెరిగిపోతుంది. అందుకే లేజర్ మోడళ్లలో చాలావాటికి పైహద్దు 45, 50 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. 'లేజర్ అంటే పవర్‌ఫుల్, వేడి చోటికి అదే బెస్ట్' అని ఎవరైనా చెబితే నమ్మకండి.

రామగుండం లాంటి ఊరిలో ఆరుబయట కన్వేయర్ మీద పెట్టిన సెన్సార్‌నే తీసుకోండి. ఎండాకాలంలో గాలి 45 డిగ్రీలు. మీద ఎండ, దానికితోడు సెన్సార్ సొంత వేడి. ఫర్నేస్ ఏదీ పక్కన లేకుండానే 55 గీత దాటిపోయే అవకాశం ఉంది. ఇలాంటి చోట పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, మీద చిన్న రేకు గొడుగు పెడితే చాలు. ఖరీదైన మోడల్ వెతకడానికి ముందు ఈ పని చేయండి.

సెగ అసలు విలన్

ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్దాం. విశాఖ ఉక్కులాంటి ప్లాంట్‌లో రోలింగ్ మిల్లుకి వచ్చే బిల్లెట్‌ను ముందు 1200 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో చదరపు మీటరు ఉపరితలం నుంచి 200 కిలోవాట్లకు పైగా శక్తి రేడియేషన్ రూపంలో బయటికి వస్తుంది. పోలిక కోసం చెప్పాలంటే మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక చదరపు మీటరుపై పడేది సుమారు 1 కిలోవాట్. పక్కన థర్మామీటర్ 45 చూపిస్తున్నా, ఆ సెగకు ఎదురుగా ఉన్న సెన్సార్ బాడీ అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది.

ఇక్కడ మొదటి ఆయుధం దూరం. మండే వస్తువు చిన్నదైతే, దూరాన్ని రెట్టింపు చేస్తే సెగ సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండోది అడ్డు. మెరిసే లోహపు రేకు పెట్టి, కాంతి వెళ్లడానికి చిన్న కన్నం మాత్రం వదిలితే సగం సమస్య తీరుతుంది. మూడోది చల్లార్చడం. సెన్సార్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్, లెన్స్ ముందు దుమ్ము చేరకుండా ఊదే గాలి. పని చేస్తుంది, కానీ నీళ్ల పైపు మూసుకుపోతే సెన్సార్ ఖతం. చూసుకునే మనిషి ఉంటేనే దీని జోలికి వెళ్లాలి.

నాలుగోది నాకు బాగా నచ్చిన ఐడియా: ఎలక్ట్రానిక్స్‌ను అసలు అక్కడ పెట్టకపోవడం. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ తెలుసు కదా. అదే పద్ధతిలో కాంతిని మాత్రమే వేడి చోటికి పంపిస్తారు. ఎల్ఈడీ, ఫోటోడయోడ్, సర్క్యూట్ ఉన్న యాంప్లిఫయర్ దూరంగా ప్యానెల్ బాక్సులో ఉంటుంది. వేడి దగ్గర ఉండేది ఫైబర్ కొస మాత్రమే.

కానీ ఇక్కడా రకం చూసుకోవాలి. మామూలు ప్లాస్టిక్ ఫైబర్ 70 డిగ్రీల వరకే పనికొస్తుంది. గాజు ఫైబర్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు వేసినవి 300 డిగ్రీలు దాటి కూడా నిలబడతాయి. బదులుగా కొన్ని కోల్పోతాం. గాజు ఫైబర్‌ను ప్లాస్టిక్‌లా ఇష్టమొచ్చినట్టు వంచలేం, విరుగుతుంది. ఊగిపోయే మెషిన్ మీద అది సరిపడదు. మామూలు సెన్సార్‌తో పోలిస్తే కనిపెట్టే దూరం తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఇంకో ట్విస్ట్ ఉంది. ఎర్రగా కాలిన వస్తువే స్వయంగా కాంతి వెదజల్లుతుంది. మనం పంపే చిన్న ఎల్ఈడీ కాంతి దాని ముందు సూర్యుడి ముందు దివిటీలాంటిది, రిసీవర్ ఆ వెలుగుకు నిండిపోయి గుడ్డిదైపోవచ్చు. అందుకే మిల్లుల్లో హాట్ మెటల్ డిటెక్టర్ వాడతారు. ఇది కాంతిని పంపదు, వేడి లోహం నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్‌ను చూస్తుంది, అంతే. సిలికాన్ రిసీవర్ ఉన్నవి సుమారు 600, 700 డిగ్రీల పైన ఉన్న లోహాన్ని బాగా పట్టుకుంటాయి. 300 డిగ్రీలకు చల్లబడిన సరుకు కంటికి నల్లగానే కనిపిస్తుంది, సిలికాన్‌కు కూడా అంతే. దానికి ఇంకా పొడవైన తరంగాలను చూడగల వేరే రిసీవర్ కావాలి. కొనేటప్పుడు 'వేడి లోహం' అని చెబితే చాలదు, ఎంత వేడి అన్నది కూడా చెప్పాలి.

స్పీడ్ కూడా చూడండి. ఆధునిక వైర్ రాడ్ మిల్లుల్లో చివరి స్టాండ్ నుంచి కడ్డీ సెకనుకు 100 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. అంటే గంటకు 360 కిలోమీటర్లు. సెన్సార్ స్పందించడానికి 10 మిల్లీసెకన్లు తీసుకుంటే ఈలోపు కడ్డీ 1 మీటరు ముందుకెళ్లిపోయింది. కడ్డీ కొసను సమయానికి గుర్తించకపోతే కోత తప్పుతుంది. దారి తప్పిన కడ్డీ ఎర్రటి చుట్టలుగా లైన్ బయటికి ఎగసిపడుతుంది. ఆ పక్కన మనుషులు పనిచేస్తుంటారు.

చలి: చల్లదనం కాదు, చెమట

మనకు దగ్గరి ఉదాహరణ రొయ్యలు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం, కాకినాడ, విశాఖ వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లలో శుభ్రం చేసిన రొయ్యల్ని మైనస్ 35, 40 డిగ్రీల గాలిలో గడ్డకట్టించి, మైనస్ 18 లేదా అంతకంటే చల్లటి కోల్డ్ స్టోరేజీలో దాస్తారు. బెల్ట్ మీద ట్రేలు లెక్కపెట్టడం, తలుపు దగ్గర ట్రాలీని గుర్తించడం, కార్టన్ సరిగ్గా వచ్చిందో లేదో చూడడం, అన్నిట్లోనూ ఆప్టికల్ సెన్సార్లే.

ఆశ్చర్యం ఏంటంటే చల్లదనం ఎల్ఈడీకి శత్రువు కాదు. చల్లగా ఉంటే అది ఇంకా బాగా వెలుగుతుంది. డార్క్ కరెంట్ కూడా తగ్గిపోతుంది. పొడిగా, స్థిరంగా మైనస్ 25 దగ్గర కూర్చున్న సెన్సార్ చాలాకాలం హాయిగా పనిచేస్తుంది. గొడవంతా తలుపు తెరిచినప్పుడు మొదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం. కోస్తాలో ఇది మామూలు రోజే. ఆ గాలికి డ్యూ పాయింట్ సుమారు 24 డిగ్రీలు. అంటే 24 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి బిందువులు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసాకు పట్టే చెమట ఇదే. ఇక మైనస్ 20 దగ్గర ఉన్న లెన్స్‌కు ఆ గాలి తగిలితే నీళ్లు కూడా కాదు, నేరుగా మంచు పొర పేరుకుంటుంది. లెన్స్ మీద ఆ పొర ఉంటే కాంతి చెదిరిపోతుంది. డిఫ్యూజ్ సెన్సార్‌కు ఎదురుగా ఏమీ లేకపోయినా చెదిరిన కాంతి వెనక్కొచ్చి 'ట్రే వచ్చింది' అంటుంది. రెట్రో రకంలో రిఫ్లెక్టర్ మీద మంచు పడితే అడ్డు ఏమీ లేకపోయినా 'ఏదో అడ్డొచ్చింది' అంటుంది. రెండూ అబద్ధాలే.

దీనికి మందు ఏంటి? ఒకటి, వీలైతే త్రూ-బీమ్ తీసుకోండి. అవసరమైన దానికంటే ఎన్ని రెట్లు ఎక్కువ కాంతి రిసీవర్‌కు చేరుతోందో చెప్పే అంకెను ఎక్సెస్ గెయిన్ అంటారు. శుభ్రమైన గదిలో 1.5 రెట్లు ఉన్నా నడిచిపోతుంది. పొగమంచు, మసక, దుమ్ము ఉండే చోట 10 రెట్లు, మరీ ఘోరమైన చోట 50 రెట్లు ఉండేలా చూసుకోవాలి. మీకు కావాల్సిన దూరం దగ్గర ఎక్సెస్ గెయిన్ ఎంతో గ్రాఫ్‌లో చూడండి. 'రేంజ్ 10 మీటర్లు' అన్న పెద్ద అక్షరాల మాట సరిగ్గా హద్దు దగ్గరి లెక్క.

రెండు, లెన్స్‌ను వెచ్చగా ఉంచే హీటర్ ఉన్న మోడళ్లు దొరుకుతాయి. కారు వెనక అద్దం మీది సన్నటి గీతల పనే ఇది. ఉపరితలం డ్యూ పాయింట్ కంటే కాస్త పైన ఉంటే తేమ పట్టదు. మూడు, ఫైబర్ ఇక్కడా పనికొస్తుంది. మామూలు ప్లాస్టిక్ ఫైబర్లలో చాలావి మైనస్ 40 వరకు నడుస్తాయి. యాంప్లిఫయర్ బయట వెచ్చగా ఉంటుంది. కొసకు మంచు పట్టకుండా పొడిగాలి ఊదితే ఇంకా మంచిది. నాలుగు, తలుపు దగ్గర గాలులు కలిసే చోట పెట్టకుండా, పూర్తిగా లోపలో పూర్తిగా బయటో బిగించండి. ఖర్చు సున్నా, ఫలితం ఎక్కువ.

కేబుల్‌ను మర్చిపోవద్దు. మామూలు పీవీసీ తొడుగు చలికి బిరుసెక్కుతుంది. కదలకుండా బిగించి ఉంచితే పర్వాలేదు, కదిలే చోట మైనస్ 5 దాటితేనే పగుళ్లు మొదలుకావచ్చు. అలాంటి చోట పాలీయురేథేన్ తొడుగు అడగండి. వేడి వైపైతే సిలికాన్ లేదా టెఫ్లాన్. సెన్సార్ బాగానే ఉండి వైరు తెగి లైన్ ఆగితే ఓనర్‌కు రెండూ ఒకటే.

ఐపీ67 ఉందిగా, ఇంకేం భయం?

ఫోన్ రివ్యూల్లో మనం రోజూ వాడే మాట ఇది. ఐపీ67 అంటే 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉన్నా లోపలికి నీళ్లు పోకూడదు. బాగానే ఉంది. కానీ ఆ టెస్ట్‌లో నీటికీ, పరికరానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలకు మించకూడదన్నది నియమం. ఫ్యాక్టరీలో జరిగేది దీనికి పూర్తిగా వేరు. వేడెక్కిన సెన్సార్ మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు కొడతారు. లోపలి గాలి కుంచించుకుపోయి, సీల్ దగ్గర ఉన్న తేమను లోపలికి పీలుస్తుంది. రోజుకు రెండుసార్లు ఇలా జరిగితే కొన్నాళ్లకు లెన్స్ లోపలివైపే మసకేస్తుంది. దాన్ని బయటినుంచి ఎంత తుడిచినా లాభం లేదు.

చేపలు, రొయ్యల ప్లాంట్లలో వేడినీళ్లతో కడుగుతారు కాబట్టి ఐపీ69కే అడగాలి. అందులో 80 డిగ్రీల నీటిని 80 నుంచి 100 బార్ ఒత్తిడితో దగ్గర నుంచి కొట్టి చూస్తారు. అది కూడా కడుగుడుకు హామీ మాత్రమే. రోజూ చలి నుంచి వేడికి, వేడి నుంచి చలికి మారే చోట సీల్ ఎన్నాళ్లు ఉంటుందో ఐపీ అంకె చెప్పదు. థర్మల్ షాక్ టెస్ట్ చేశారా అని కంపెనీని విడిగా అడగాల్సిందే.

మనుషుల భద్రత దగ్గర రాజీ వద్దు

ప్రెస్, ప్యాకింగ్ మెషిన్ ముందు లైట్ కర్టెన్ ఉంటుంది. చెయ్యి లోపలికి వెళ్తే మెషిన్ ఆగిపోవాలి. ఇవి అనుమానం వస్తే ఆపేసేలా డిజైన్ చేసినవి. లెన్స్‌కు తేమ పట్టినా మెషిన్ ఆగుతుంది. సేఫే కదా అనిపిస్తుంది.

చిక్కు తర్వాత వస్తుంది. షిఫ్ట్‌లో పదిసార్లు ఊరికే ఆగితే, ప్రొడక్షన్ టార్గెట్ నెత్తిన ఉన్నవాళ్లు ఏదో ఒకరోజు ఆ కర్టెన్‌ను బైపాస్ చేస్తారు. ఆ రోజు నుంచి అక్కడ రక్షణ లేదు. అందుకే ఆ చలికి తగిన కర్టెన్ ఎంచుకోవడం చేతివేళ్లకు సంబంధించిన విషయం. కొన్ని మోడళ్లు మైనస్ 10 దగ్గరే ఆగిపోతాయి, కొన్ని మైనస్ 30 దాకా వెళ్తాయి. పది వేలు మిగులుతాయని మొదటిది తీసుకోకండి. మామూలు ఫోటోఎలక్ట్రిక్ సెన్సార్‌ను భద్రత కోసం అస్సలు వాడకండి, అది ఆ పనికి సర్టిఫై అయినది కాదు.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. సెన్సార్ బిగించే చోట దాని బాడీ ఎంత వేడెక్కుతుంది? గదిది కాదు, ఆ బ్రాకెట్‌ది కొలవండి.
2. ఎదురుగా సెగ ఉందా? ఉంటే దూరం, రేకు అడ్డు, ఫైబర్, ఈ వరుసలో ఆలోచించండి.
3. రోజులో ఉష్ణోగ్రత ఎన్నిసార్లు, ఎంత మారుతుంది? ఎప్పుడూ ఒకేలా ఉండే మైనస్ 25 కంటే, మైనస్ 20కీ 30కీ మధ్య ఊగే చోటే కష్టం.
4. లెన్స్ డ్యూ పాయింట్ కంటే కిందకు వెళ్తుందా?
5. మసక పట్టిన రోజు కూడా సరిపోయేంత ఎక్సెస్ గెయిన్ ఉందా?
6. కేబుల్, కనెక్టర్, రిఫ్లెక్టర్, బ్రాకెట్ కూడా అదే ఉష్ణోగ్రతను తట్టుకుంటాయా?
7. అసలు కాంతితోనే చేయాలా? లోహం దగ్గరగా వచ్చిందో లేదో తెలిస్తే చాలనుకుంటే ఇండక్టివ్ సెన్సార్‌కు లెన్సే ఉండదు, మంచు బెడదే లేదు. కోల్డ్ రూమ్ తలుపుకు రాడార్ సెన్సార్ మేలు. ఆప్టికల్ వద్దనుకోవడం కూడా మంచి ఎంపికే.

మీరే చేసి చూడొచ్చు

ఆర్డుయినో ఉన్నవాళ్లకు ఒక చిన్న ప్రయోగం. టీసీఆర్‌టీ5000 అనే చవక రిఫ్లెక్టివ్ సెన్సార్ దాదాపు ప్రతి లైన్ ఫాలోయర్ కిట్‌లోనూ ఉంటుంది. తయారీదారు దానికి ఇచ్చిన రేంజ్ మైనస్ 25 నుంచి 85 డిగ్రీలు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది కాబట్టి పేపర్ మీద పూర్తిగా సేఫ్. సెన్సార్‌ను పొడవాటి వైర్లతో లోపల పెట్టి, బోర్డును బయట ఉంచండి. ఎదురుగా తెల్ల అట్టముక్క బిగించి అరగంట రీడింగ్స్ చూడండి. తర్వాత అట్టతో సహా సెన్సార్‌ను బయటికి తీసి, దాని మీద చెమట పట్టే కొద్దీ గ్రాఫ్ ఎటు వెళ్తుందో గమనించండి. సెన్సార్, అట్ట, దూరం ఏవీ మారలేదు. మారింది వాటి మీద పట్టిన నీటి పొర మాత్రమే.

ఆ గ్రాఫ్ చూసినవాళ్లు ఇంకెప్పుడూ డేటాషీట్‌లో ఆ చిన్న అక్షరాల లైన్ వదిలేయరని నా నమ్మకం. ప్రయోగం అయ్యాక సెన్సార్‌ను బాగా ఆరనిచ్చి దాచుకోండి. మీకు వచ్చిన గ్రాఫ్‌లు మాకు పంపండి, చూడాలని ఉంది.